టెక్ సందేహాలు: వాచీ మీద ఏటీఎం ఏంటి?

ప్రశ్న: కొత్త స్మార్ట్‌వాచ్ డబ్బా మీద ‘5 ఏటీఎం’ అని ఉంది. మా పాత బ్రాడ్‌బ్యాండ్ మోడెం సెట్టింగుల్లోనూ ‘ఏటీఎం’ కనిపిస్తోంది. వీటికీ బ్యాంకు ఏటీఎంకీ సంబంధం ఉందా? ఈ వాచీతో ఈత కొట్టొచ్చా?

జవాబు: మూడూ వేర్వేరు. బ్యాంకుది ఆటోమేటెడ్ టెల్లర్ మెషిన్. ‘ఎనీ టైం మనీ’ అనేది జనం వాడుకలో పుట్టిన అర్థమే.

వాచీ మీద ఉన్నది అట్మాస్ఫియర్, అంటే పీడనం కొలత. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకీ దాదాపు 1 ఏటీఎం ఒత్తిడి పెరుగుతుంది. అందుకే 5 ఏటీఎంని 50 మీటర్లు అని కూడా రాస్తారు. చాలామంది పొరబడేది ఇక్కడే. అది కదలని నీటి ఒత్తిడి లెక్క, 50 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు. చేయి విసిరి ఈదినా, పైనుంచి దూకినా ఆ క్షణంలో ఒత్తిడి ఎక్కువవుతుంది. స్విమ్మింగ్‌పూల్లో మామూలు ఈతకి పర్వాలేదు. స్కూబా డైవింగ్, వేణ్నీళ్ల స్నానం మాత్రం వద్దు. వేడికి, సబ్బుకి లోపలి రబ్బరు సీలు పట్టు తగ్గుతుంది. నీళ్లలో ఉండగా పక్క బటన్లు నొక్కకండి. సముద్రంలో తడిస్తే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి. సీలు ఏళ్ల తరబడి అరుగుతుంది కాబట్టి పాత వాచీని అదే నమ్మకంతో నీళ్లలో ముంచొద్దు.

మోడెంలోది అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్. ఫోన్ వైరు మీద వచ్చే ఏడీఎస్‌ఎల్‌లో డేటా 53 బైట్ల ముక్కలుగా వెళ్తుంది. అందులో 5 బైట్లు దారి చూపే వివరాలకే పోతాయి. మోడెం 8 ఎంబీపీఎస్ లైన్ చూపించినా మీ చేతికి 7.25 దాటి రాకపోవడానికి ఇదొక కారణం. రీసెట్ చేశాక నెట్ రాకపోతే మోడెం సెట్టింగుల్లోని ఈ ఏటీఎం పేజీలోనే వీపీఐ, వీసీఐ (డేటా ఏ దారిన వెళ్లాలో చెప్పే గుర్తులు) అంకెలు చూడండి. బీఎస్‌ఎన్‌ఎల్ ఏడీఎస్‌ఎల్‌కి అవి మామూలుగా 0, 35. ఒక్క అంకె తప్పినా డీఎస్‌ఎల్ లైటు నిలకడగా వెలుగుతుంది, నెట్ మాత్రం రాదు. లైను పోయిందనుకుని ఫిర్యాదు చేసే ముందు ఇది సరిచూసుకోండి. ఫైబర్ కనెక్షన్‌కి ఈ అంకెలతో పని లేదు.

క్యాన్సర్ జన్యు పరీక్ష రిపోర్టులో కూడా ఏటీఎం కనబడొచ్చు. అది ఒక జన్యువు పేరు. దాని ఫలితాన్ని నెట్‌లో వెతికి తేల్చుకోకండి, రిపోర్టు తీసుకుని డాక్టర్ దగ్గరికే వెళ్లండి.