ఊరోళ్లు నేషనల్ పార్క్ ఎందుకు వద్దంటరు? మా ఇంట్ల జరిగింది చెప్తున్న

మీరు అడిగింది ఏందంటే, దేవరకొండ దిక్కు అడవిని నేషనల్ పార్క్ చేస్తరని వాట్సాప్‌ల తిరుగుతుంది, టూరిస్టులొస్తరు, పోరగాళ్లు జీపులు నడుపుకుంటరు, మంచిదే కదా, మరి ఊరోళ్లు ధర్నా ఎందుకు అని. మాది అచ్చంపేట అవతల గుట్ట మీది ఊరు, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ను ఆనుకొనే ఉంటది. నేను లాయర్‌ను కాదు, చూసింది చెప్తున్న.

ముందుగాల, టైగర్ రిజర్వ్, నేషనల్ పార్క్ ఒకటే అనుకుంటున్నట్టున్నరు, కాదు. తెలంగాణల నేషనల్ పార్కులు మూడే, కేబీఆర్, మృగవని, హరిణ వనస్థలి, మూడూ హైదరాబాద్ చుట్టే. సిటీవాళ్లకు అది పొద్దున వాకింగ్ చేసే జాగ, అందుకే వాళ్లకు భయమేం అనిపియ్యది. మా దిక్కు ఉన్నది శాంక్చురీ, అంటే అభయారణ్యం, దాని మీద టైగర్ రిజర్వ్, కోర్ ఏరియా, అంటే నడిమి గట్టి కాపలా ఉన్న భాగమే 2166 చదరపు కిలోమీటర్లు. శాంక్చురీల అయితే పశువుల మేతకు రూల్ పెట్టి ఒప్పుకునే దారి చట్టంల కొద్దో గొప్పో ఉంది, నేషనల్ పార్క్‌ల అది లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ చూడండి, పశువు లోపట అడుగు పెట్టొద్దు. ఫైనల్ నోటిఫికేషన్ వచ్చేటాలకు లోపలి భూమి హక్కులన్నీ సర్కారుకు చేరి ఉండాలె. మందలున్నోళ్లకు ఇది ఎట్లుంటదో ఆలోచించండి.

మేం గొల్లోళ్లం. మా పెద్దనాయనకు నలభై దాకా పొడ తూర్పు ఆవులు ఉండె, తెల్లటి ఒంటి మీద ఎర్ర పొడలు, ఆ కోడెల కోసం కురుమూర్తి జాతరకు ఎక్కడెక్కడి రైతులో వస్తరు. మంద నెలల తరబడి అడవిలనే ఉంటది. ఒకసారి పులి పెయ్యను కొట్టింది. నష్టపరిహారం రావాలంటే కదపొద్దన్నరని పెద్దనాయన రెండు రోజులు ఆ వాసనల, ఈగల నడుమ కావలి కూసున్నడు. మూడో రోజు వచ్చిన ఫారెస్ట్ సారు పెయ్యను చూడకముందే అడిగిండు, "ఇది లైన్‌కు లోపట చచ్చిందా, బయటనా?" అని, లైన్ అంటే రిజర్వ్ హద్దు. వాగు ఇవతల సార్ అన్నడు పెద్దనాయన. సారు ఫోన్ల మ్యాపు తీసి చూసి, లైన్ వాగు కాడ లేదు, ఇంకా ఇటు దిక్కే ఉంది అన్నడు. అరవై ఏండ్ల సంది అండ్ల తిరిగినోనికి ఆ లైన్ ఏడుందో అంతకుముందు ఒక్కడు చెప్పలె. పైసలు రాలె. పులి మీద మాత్రం ఆయనకు కోపం లేదు, "దానికి ఆకలైంది తిన్నది, ఈ సారుకేమైంది" అన్నడు. అప్పటి సంది మ్యాపు అన్న మాట వింటేనే లేచి పోతడు.

అడవంటే పడనోళ్లు అనుకోకండి. 2019ల నల్లమలల యురేనియం సర్వే అన్నప్పుడు రోడ్ల మీద కూసున్నది ఈ ఊరోళ్లే, ఆ సెప్టెంబర్ల అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆసిఫాబాద్ దిక్కు 2025 మేల కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అని జీవో 49 తెచ్చిన్రు, అది నేషనల్ పార్క్ అంత గట్టిది కూడా కాదు, అయినా ఆదివాసులు ఒప్పుకోలె, జూలైల సర్కారే దాన్ని పక్కన పెట్టింది. అడగకుండ చేస్తే గట్లనే అయితది మరి.

ఊర్ల అందరిదీ ఒకటే మాట అని కూడా అనను. అడవి లోపట చెంచులు ఉండే పెంటల్ల, అంటే వాళ్ల చిన్న గూడేలల్ల చూస్తే, ఇప్పపువ్వు, తేనె, గడ్డలు, బంక మీద బతికిన ముసలోళ్లు మేం కదలం అంటరు, చిన్న పిల్లలున్నోళ్లు కొందరు బడి, రోడ్డు ఉన్న కాడికి పోదాం అంటరు, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ మాట విని లెక్కలు వేసుకునేటోళ్లూ ఉన్నరు. ఇష్టముంటేనే పోవాలె, బలవంతంగ పంపొద్దు అని చట్టంల ఉంది. కరెంటు రాదు, రోడ్డు పడది, బోరు వేయనియ్యరు అని ఏండ్లకేండ్లు నడిపించినంక వచ్చిన ఇష్టం ఎంత ఇష్టమో మీరే చూడండి.

నిజంగనే నోటీస్ వస్తే మాత్రం ధర్నా ఒక్కదానితోని ఊకోకండి. కలెక్టర్ తెలుగుల ప్రకటన వెయ్యాలె, అది పడ్డంక హక్కులు రాసిచ్చుకోనీకి రెండు నెలలే టైం. రాసియ్యకపోతే తర్వాత మీ మొర ఎవరూ ఇనరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి గ్రామసభల క్లెయిమ్ వేసుకోండి, అది తేలేదాకా ఖాళీ చేపియ్యొద్దు. ఎస్టీలైతే 2005 డిసెంబర్ 13 కంటే ముందు సంది ఉంటే చాలు. మా అసొంటి బీసీలకే తిప్పలు, ఆ తారీఖుకు 75 ఏండ్ల ముందు సంది ఉన్నట్టు చూపెట్టాలె, అంటే 1930, నిజాం జమానా! ఏడ తెస్తం అనుకున్నం. మా అవ్వ మంచం కింద రేకు పెట్టె గుంజితే అండ్ల మా ముత్తాత కట్టిన పుల్లరి, అంటే పశువుల మేత పన్ను రశీదులు ఎల్లినయి, ఉర్దూల, జంగ్లాత్ (అడవి శాఖ) ముద్ర తోని. అచ్చంపేటల ఒక ముసలి సాయిబుతోని చదివిచ్చుకున్నం. మొత్తం ఎన్ని ఉండెనో తెల్వది, సగం చెదలు తిన్నంక పెట్టె తెరిసినం, మీ ఇంట్ల గూడ అసొంటి పెట్టె ఉంటే ఇయ్యాలనే తీసి చూడండి.