కొటియా మీద నీ వ్యాసం చదివాక

అమ్మాయ్,

నీ వ్యాసంలో మొదటి వాక్యం దగ్గరే నాకు ఒళ్ళు మండింది. "సరిహద్దు రగులుతోంది" అని మొదలుపెట్టావు. ఎక్కడమ్మా రగులుతోంది? ఆంధ్రా, ఒడిశా రెండూ మావంటే మావనే ఆ కొటియా 21 ఊళ్ళ గురించి నాలుగు పేజీలు రాశావు, ఆ ఊళ్ళ మనిషి ఒక్కడైనా నోరు విప్పలేదు. కలెక్టర్లు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు, రెండు వైపుల పార్టీల వాళ్ళూ మాట్లాడారు. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ జాగ్రత్తగా దాచుకుని బతుకుతున్న వాళ్ళు మాత్రం ఎక్కడా లేరు. భాష బాగుంది, అది ఒప్పుకుంటాను.

చివర్లో విలేకరులు శాంతిదూతలు కావాలన్నావు. ఆ మాట సన్మాన సభల్లో చాలాసార్లు విన్నాను. నువ్వు అసలు విషయం వదిలేశావని నా బాధ. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా వాళ్ళు అక్కడి మూడు పంచాయతీల్లో ఎన్నికలు పెట్టడం, ఒడిశా ప్రభుత్వం ఇది కోర్టు ధిక్కారం అంటూ సుప్రీంకోర్టుకి వెళ్ళడం, అంతా పూసగుచ్చినట్టు రాశావు. అదే ఏడాది నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామని అనుకున్నారు కదా, అది ఏదీ? ఆ కమిటీ ఏం చేసిందో, ఏం చేయలేదో కనుక్కుని రాయాల్సింది నువ్వే. గొడవ మొదలైన రోజు అందరూ వస్తారు, అది సద్దుమణిగిన రోజు ఒక్కరూ రారు. అందుకే మన జనం బుర్రలో ప్రతి గొడవా ఇంకా నడుస్తూనే ఉంటుంది.

ఇది నా పిచ్చి అనుకో. నేను ఒడిశా వైపు సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో విలేకరిగా ఉన్న రోజుల్లో బస్టాండు దగ్గర ఆటో కిరాయి మీద ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడిది తెలుగు, ఇంకొకడిది ఒడియా, అంతే. నేను కిరాయి తగాదా అనే రాసి పంపాను. పొద్దున్న చూస్తే హెడ్డింగులో రెండు భాషల వాళ్ళూ తలపడ్డారని ఉంది! ఆ రోజు బజారంతా టెన్షన్, సగం కొట్లు తీయలేదు. సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చోబెట్టి ఇద్దరికీ రాజీ చేశారు, ఆ ఇద్దరూ ఒకే బల్ల మీద టీ తాగారు. అది రాసి పంపితే, హెడ్డింగులు పెట్టే డెస్కులో ఆయన "చల్లారిపోయింది కూడా వార్తేనా?" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఆయన పెద్ద ఎడిటరయ్యాడు, మీడియా బాధ్యత మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు. అచ్చయిన వార్త పొడవును కొలిచి మాకు డబ్బులిచ్చే రోజులవి, రాజీ వార్తకి పైసా రాలేదు. హెడ్డింగు కింద ఉన్న విషయానికి తగ్గట్టుండాలని ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. డెస్కులో ఎవరు చదివారు?

1994లో రువాండా రేడియో జనాన్ని చంపమని రెచ్చగొట్టిందని అరపేజీ రాశావు. నిజమే, 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ దాని మనుషులకి శిక్షలు కూడా వేసింది. కానీ మన దగ్గర ఎవరూ అలా చంపమనరు. సగం వార్త వేసి మిగతా సగం మర్చిపోతారు, అంతే. వంశధార నది సంగతే చూడు. నీళ్ళు రెండు రాష్ట్రాలకీ సగం సగమనీ, నేరడి బ్యారేజీకి ఒడిశా 106 ఎకరాలు ఇవ్వాలనీ ఆ నీళ్ళ తగాదా తేల్చే ట్రిబ్యునల్ 2017లోనే చెప్పింది. నది పక్క ఊళ్ళో అడిగి చూడు, అవతలి వాళ్ళు మొత్తం దోచేస్తున్నారనే అంటారు. వాళ్ళ తప్పేముంది, ధర్నా జరిగిన రోజు ఫొటో వేసినంత పెద్దగా తీర్పు వచ్చిన రోజు ఎవరు వేశారు? ఇప్పుడు ఫోన్లలో ఎర్ర అక్షరాలతో వచ్చే బ్రేకింగుల సంగతి నేను ఎత్తను, ఎత్తితే ఈ ఉత్తరం ఆగదు.

నీకు ఒడియా చదవడం వచ్చు. నా కాలంలో తెలుగు విలేకరుల్లో చాలామందికి అది రాదు, ఈ ఒక్క విషయంలో నువ్వు మాకంటే నయం. గొడవైన మర్నాడు కోరాపుట్‌లో వచ్చే ఒడియా పేపరూ, విజయనగరం జిల్లా ఎడిషనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఇక్కడ "ఒడిశా అధికారుల దౌర్జన్యం" అయినది అక్కడ "ఆంధ్రా చొరబాటు" అవుతుంది. రెండింట్లోనూ లేనిది ఏమిటో ఒక కాగితం మీద రాసుకుని, దాని కోసం ఊళ్ళోకి వెళ్ళు. అక్కడ కువి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్ళు చాలామంది, తోడు ఎవరినైనా తీసుకెళ్ళు. పోలీసులు చెప్పింది పోలీసులు చెప్పినట్టే రాయి, నీ మాటగా రాయకు. దెబ్బలు తగిలాయంటే ఆసుపత్రికి వెళ్ళి చూడు.

కాన్పూర్‌లో 'ప్రతాప్' పత్రిక నడిపిన గణేశ్ శంకర్ విద్యార్థి 1931 అల్లర్లలో జనాన్ని కాపాడ్డానికి వీధుల్లోకి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. నిన్ను అంత పని చేయమనడం లేదు. బస్సెక్కి ఆంధ్రా వైపున్న సాలూరు దాకా, అక్కడి నుంచి ఏ జీపో పట్టుకుని పైకి వెళ్ళమంటున్నాను.

జర్నలిజం కోర్సు చేయాలా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు ఆ మొదటి పేజీ తీసేయ్. 2006లో సుప్రీంకోర్టు ఇది పార్లమెంటు తేల్చాల్సిన సంగతి అన్నాక ఆ ఊళ్ళలో ఏ బడికి ఎవరు జీతమిస్తున్నారు, బియ్యం ఎటు నుంచి వస్తున్నాయి, జబ్బు చేస్తే ఒడిశాలోని పొట్టంగి వైపు దిగుతున్నారా, సాలూరు వైపా, అది కనుక్కుని రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్ళద్దాలు మార్చుకోలేదు ఇంకా.