టెక్ సందేహాలు: బైకు మీద ఉపగ్రహ రేడియో

సందేహం: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ మధ్యనే పాత హోండా గోల్డ్‌వింగ్ కొన్నాను. కారులో వాడి పక్కన పెట్టిన సిరియస్‌ఎక్స్‌ఎం ఉపగ్రహ రేడియో, దాన్ని కూర్చోబెట్టే డాక్, యాంటెన్నా ఇంట్లోనే ఉన్నాయి. వీటిని బైకుకు నేనే బిగించుకుని మళ్లీ యాక్టివేట్ చేయించుకోవచ్చా? షోరూంలో అడిగిన కూలి వింటే గుండె గుభేలుమంది.
– ఒక పాఠకుడు, డాలస్

నిక్షేపంగా బిగించుకోవచ్చు. అయితే చందా కట్టేముందు మీరు ఏ దారుల్లో తిరుగుతారో చూసుకోండి. వారాంతంలో ఆస్టిన్ దాకా వెళ్లి రావడమే అయితే దారి పొడుగునా ఫోను సిగ్నల్ దాదాపుగా ఉంటుంది. బ్లూటూత్‌లో పాటలు వినడానికి ఇంత హంగామా అక్కర్లేదు. బిగ్ బెండ్, ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల వైపు పోతారా? అక్కడ ఫోను చాలాసేపు మూగబోతుంది. ఈ రేడియోకు పెట్టే డబ్బు గిట్టుబాటయ్యేది అలాంటి దారుల్లోనే.

పనిలో సగం యాంటెన్నా దగ్గరే ఉంది. కారుకైతే అయస్కాంతంతో ఇనుప కప్పు మీద అంటించి మరిచిపోతాం. గోల్డ్‌వింగ్ పైభాగమంతా ప్లాస్టిక్, అయస్కాంతం అంటదు. పైగా ఈ యాంటెన్నా సరిగ్గా పనిచేయాలంటే కింద లోహపు పలక ఉండాలి. అరచేయంత ఇనుప రేకును వెనక ట్రంకు మూత మీద రెండువైపులా అంటుకునే గట్టి టేపుతో అతికించి, దాని మీద యాంటెన్నా పెట్టండి. పైకి కనబడటం ఇష్టం లేకపోతే మూత లోపలివైపు అమర్చినా సిగ్నల్ ప్లాస్టిక్‌ను దాటుకుని వస్తుంది. మూత పైన లోహపు లగేజీ రాక్ ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోండి.

యాంటెన్నాను ముందు డ్యాష్ మీద పెట్టవద్దు. ఎందుకంటే, పాత ఎక్స్‌ఎం (సిరియస్‌తో కలిసిపోయిన సంస్థ) ఉపగ్రహాల స్థానాలు భూమధ్యరేఖ మీదుగా 85, 115 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల దగ్గర ఉన్నాయి. అమెరికాలో ఎక్కడ నిలబడి చూసినా అవి దక్షిణాన ఉంటాయి. మీరు ఉత్తరం వైపు బండి తోలుతున్నప్పుడు అవి మీ వీపు వెనక ఉన్నట్టే. ఈ రేడియో వాడే 2.3 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర మనిషి శరీరం సిగ్నల్‌ను బాగానే అడ్డుకుంటుంది. ఉత్తరాది రాష్ట్రాలకు పోయేకొద్దీ ఉపగ్రహాలు ఆకాశంలో ఇంకా కిందికి దిగుతాయి కాబట్టి అడ్డంకులూ పెరుగుతాయి. ఫ్లైఓవర్ కింద నుంచి దూసుకుపోతే పాట ఆగిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఒకే కార్యక్రమం కొన్ని సెకన్ల తేడాతో రెండు దారుల్లో వస్తుంది, ఒకటి తెగినా రిసీవర్ రెండోదానితో అతుకు వేసుకుంటుంది.

ట్రంకు నుంచి ముందుకు వచ్చే కేబుల్‌ను సీటు కింద నుంచి తీసుకురండి. మూత కీలు దగ్గర, హ్యాండిల్ తిరిగే చోట కాస్త వదులు ఉంచండి. హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూశాకే క్లిప్పులు బిగించండి. కేబుల్ పొడుగైందని కోసి మళ్లీ అతికించే పని పెట్టుకోవద్దు. మిగిలినదాన్ని వదులుగా చుట్టి సీటు కింద పెట్టేయండి.

కరెంటు విషయంలో ఒక గట్టి హెచ్చరిక. ఈ తరహా డాకులకు చాలావాటికి కావలసింది 5 వోల్టులే. సిగరెట్ లైటర్‌లో పెట్టే ప్లగ్గు లోపలే 12ను 5కు తగ్గించే సర్క్యూట్ ఉంటుంది. స్థలం కలిసొస్తుందని ఆ ప్లగ్గు కోసేసి తీగలను నేరుగా బ్యాటరీకి కలిపితే డాక్ అక్కడికక్కడే మాడిపోతుంది. ప్లగ్గు మీద రాసిన అవుట్‌పుట్ వోల్టేజీ ఒకసారి చదవండి. దాన్ని పెట్టుకోవడానికి ఒక సాకెట్ బిగించి, తాళం చెవి తీస్తే ఆగిపోయే యాక్సెసరీ లైను నుంచి ఫ్యూజు మీదుగా కరెంటు ఇవ్వండి. బ్యాటరీకి ఎప్పుడూ తగిలి ఉండే లైనుకు కలిపితే, ఏదో ఒక ఉదయం బండి స్టార్ట్ కాదు.

శబ్దానికి బండి ఆడియోలో ఆక్స్ ఇన్‌పుట్ (బయటి పరికరాన్ని తీగతో కలిపే రంధ్రం) ఉంటే అదే వాడండి. రేడియోలోని ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ బలం అంతంతమాత్రం. ఊరు మారినప్పుడల్లా ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కోవడం బండి మీద జరిగే పని కాదు. ఇంజిన్ వేగంతోపాటు పెరిగే గుయ్యిమనే మోత వినిపిస్తే, ఆక్స్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఆ మోతను ఆపే చిన్న పరికరం) పెట్టండి. రిసీవర్‌కు వానంటే పడదు, మూత ఉన్న అరలో దాచండి.

ఇక యాక్టివేషన్. చందా బండికి కాదు, రేడియోకు కడతారు. అది ఇంకా నడుస్తూ ఉంటే కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు. గడువు ముగిసిపోయినా ప్రివ్యూ ఛానల్ మాత్రం వస్తుంది. డబ్బు కట్టకముందే దాన్ని పెట్టి యాంటెన్నాను పరీక్షించండి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. డాలస్ వంటి నగరాల్లో నేల మీద రిపీటర్లు (ఉపగ్రహ ప్రసారాన్నే మళ్లీ పంపే టవర్లు) కూడా ఉంటాయి. సిగ్నల్ తెరలో ఉపగ్రహానికి, రిపీటర్‌కు గీతలు వేరువేరుగా కనిపిస్తాయి. రిపీటర్ గీతలు నిండుగా ఉన్నాయని సంబరపడి ఊరు దాటితే నిశ్శబ్దమే. చూడాల్సింది ఉపగ్రహం గీతలను.

అవి బాగుంటే బండిని గ్యారేజీ బయట, దక్షిణాన భవనాలు, చెట్లు లేని చోట నిలిపి ఛానల్ 0కు వెళ్లండి. తెర మీద రేడియో ఐడీ వస్తుంది. అందులో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు వాడరు. కాబట్టి గుండ్రంగా ఉన్నది సున్నాయే, ఎస్‌లా ఉన్నది 5. ఆ సంఖ్యను వెబ్‌సైట్‌లోనో ఫోనులోనో ఇచ్చాక రేడియోను ఆపకుండా ఉంచండి. అనుమతి సంకేతం ఉపగ్రహం నుంచే దిగాలి. కొన్ని నిమిషాలు పట్టవచ్చు. చలికాలమంతా బండిని మూలన పెట్టి తీసినప్పుడు ఛానళ్లు మాయమైతే మళ్లీ డబ్బు కట్టకండి, రిఫ్రెష్ సంకేతం (అదే అనుమతిని మళ్లీ పంపేది) అడగండి, చాలు.

చందాను ఆఫరులో తీసుకుంటే, అది ముగిసే తేదీని మాత్రం క్యాలెండర్‌లో వేసుకోండి. చందా దానంతటదే పొడిగింపు అవుతుంది. రద్దు చేసుకోవడం మరీ కష్టంగా ఉందని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2023లో ఈ సంస్థపై కేసు వేశారు. ఆ రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024లో కోర్టు తేల్చింది.

సందేహం: మా మామయ్య అమెరికా నుంచి ఇలాంటి రేడియోనే తెచ్చి ఇచ్చారు. హైదరాబాద్‌లో పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

పనిచేయదమ్మా. ఆ ఉపగ్రహాలు ఉత్తర అమెరికా వైపే ప్రసారం చేస్తాయి. పైగా అవి వాడే 2.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మన దగ్గర 4జీ ఫోన్లు నడుస్తున్నాయి. మనకూ ఒకప్పుడు వరల్డ్‌స్పేస్ అనే ఉపగ్రహ రేడియో ఉండేది, అందులో ‘స్పందన’ పేరుతో తెలుగు ఛానల్ కూడా వచ్చేది. 2008లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబరు 31తో భారత్‌లో ప్రసారాలు ఆగిపోయాయి. ఆకాశవాణి కావాలంటే ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ వేసుకోండి. దానికి ఇంటర్నెట్ ఉండాలి. శ్రీశైలం అడవిలో బండి మీద వినడానికైతే పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

సందేహం: బుల్లెట్ హ్యాండిల్‌కు ఐఫోన్ బిగించి మ్యాపు, పాటలు వాడుతున్నాను. కెమెరా పాడవుతుందని స్నేహితుడు భయపెడుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

మీ స్నేహితుడి మాట నిజమే. శక్తిమంతమైన ఇంజిన్ల ప్రకంపనలు హ్యాండిల్ గుండా నేరుగా తగిలితే, కెమెరాలో లెన్స్‌ను స్థిరంగా ఉంచే భాగాలు దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో చెప్పింది. ప్రకంపనలను తగ్గించే మౌంటు కొనండి. అంతకన్నా తేలిక మార్గం, ఫోను జేబులో పెట్టుకుని దారి సూచనలను హెల్మెట్ బ్లూటూత్‌లో వినడం. పాత ఫోను ఏదైనా ఇంట్లో పడి ఉంటే హ్యాండిల్ మీదికి దాన్ని ఎక్కించండి.