నుదుటి మీద ఎర్రమచ్చ... ఇప్పుడు ఫిట్స్!

ప్రశ్న: మా పాపకు ఐదో నెల. పుట్టినప్పటి నుంచి కుడివైపు నుదురు, పైరెప్ప మీద ముదురు ఎరుపు మచ్చ ఉంది. నేను కడుపుతో ఉండి గ్రహణం నాడు బయటికి వచ్చానని, అందుకే ఇలా అయిందని మా అత్తయ్య అంటారు. ఈమధ్య పాపకు ఎడమ చెయ్యి, కాలు కొట్టుకున్నాయి. స్కాన్ చేసి ‘స్టర్జ్ వెబర్ సిండ్రోమ్’ అన్నారు, ఫిట్స్ మందు రాశారు. రెండో బిడ్డకూ ఇలాగే వస్తుందా?
- ఓ తల్లి, పల్నాడు జిల్లా

జవాబు (పిల్లల నరాల వైద్యురాలు): అమ్మా, ఈ జవాబు మీ అత్తయ్యగారికి కూడా చదివి వినిపించండి. గ్రహణానికీ ఈ మచ్చకూ ఏ సంబంధమూ లేదు. పిండం రూపు కట్టే తొలి రోజుల్లో ఏదో ఒక కణంలో జీఎన్ఏక్యూ అనే జన్యువు మారుతుంది. ఆ కణం సంతతి చేరిన చోటల్లా సన్నటి రక్తనాళాలు తీరు తప్పి పెరుగుతాయి. చర్మంలో, అదేవైపు మెదడు పైపొరలో, ఒక్కోసారి కంట్లో. ఈ సంగతి 2013లో తేలింది. ఇది మీ నుంచి గానీ, మీవారి నుంచి గానీ వచ్చింది కాదు. కాబట్టి రెండో బిడ్డ గురించి జంకనక్కర్లేదు.

శరీరం ఎడమ సగాన్ని నడిపేది కుడి మెదడు. అందుకే ఎడమ చెయ్యి, కాలు కొట్టుకున్నాయి. మందు ఒక్క పూట కూడా మానొద్దు. జ్వరం వస్తే ఫిట్స్ తిరగబెట్టొచ్చు, వెంటనే తగ్గించండి. ఫిట్స్ వస్తే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దే వద్దు. ఐదు నిమిషాలైనా ఆగకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే గురించి మీ డాక్టరును అడిగి, మోతాదు రాయించుకోండి.

మీ ఉత్తరంలో కంటి ఊసే లేదు. నా టెన్షన్ అంతా అక్కడే. మచ్చ పైరెప్ప మీద ఉన్న పిల్లలకు నీటికాసులు (గ్లకోమా, అంటే కంటి లోపల ఒత్తిడి పెరగడం) వచ్చే ప్రమాదం ఎక్కువ. పసిపిల్లల్లో లోపలి ఒత్తిడికి కనుగుడ్డు సాగి పెద్దదవుతుంది. ‘ఎంత పెద్ద కళ్లో’ అని చుట్టాలు మురిసిపోతుంటే, లోపల చూపు నరం దెబ్బతింటూ ఉంటుంది. నీళ్లు కారుతున్నా, వెలుతురు చూడలేక మొహం తిప్పుకుంటున్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఈ గుర్తులేవీ లేకపోయినా సరే, ఈ వారమే పిల్లల నీటికాసులు చూసే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. ఇప్పుడు బాగుందన్నా పరీక్షలు మానకూడదు, కొందరికి పెద్దయ్యాక కూడా వస్తుంది.

మచ్చకు లేజర్ చికిత్స ఉంది. చాలా విడతలు పడుతుంది, రంగు తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని చెప్పలేం. ఈలోగా పసర్లు మాత్రం పూయకండి. ఎడమ చెయ్యి తక్కువగా కదిలిస్తోందనిపిస్తే జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం) ఫిజియోథెరపీకి చూపించండి.