కడుపుల పాపకు రక్తం ఎట్ల ఎక్కిస్తరు?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది దేవరకొండ. మా బిడ్డకు ఏడో నెల, దానిది ఓ నెగటివ్, అల్లునిది బి పాజిటివ్. మొదటి కాన్పప్పుడు సూది ఏయించలే, ఇప్పుడేమో లోపల పాపకు రక్తం తగ్గింది, కడుపులనే ఎక్కియ్యాలె అంటున్రు. మాకు కాళ్లు చేతులు ఆడుతలేవు.

జవాబు: అమ్మా, మీ భయం అర్థమైతుంది కానీ ఇది కొత్త వైద్యం కాదు, 1963లనే న్యూజిలాండ్‌ల లైలీ అనే డాక్టర్ మొదలువెట్టిండు. తల్లిది నెగటివ్, మొదటి పాపది పాజిటివ్ అయి, ఆ పాప రక్తం తల్లి రక్తంల కలిస్తే తల్లి ఒంట్ల యాంటీబాడీలు (పరాయి కణాలతోని కొట్లాడేటివి) తయారైతయి, అవే ఇప్పుడు ఈ పాప ఎర్రకణాలను పగలగొడుతున్నయి. స్కానింగ్‌ల చూసుకుంట సన్నటి పొడుగు సూదిని తల్లి పొట్టల నుంచి బొడ్డుతాడు నరంలకు పంపి, తల్లి రక్తంతోని సరిచూసిన ఓ నెగటివ్ రక్తం మెల్లమెల్లగ ఎక్కిస్తరు, పట్టేది దాదాపు చిన్న చాయ్ గ్లాసెడే. రెండు మూడు వారాలకు మళ్ల ఎక్కియ్యాల్సి రావొచ్చు. ప్రమాదం అస్సలే లేదని చెప్పను, కానీ వదిలేస్తే పాపకు ఒళ్లంత నీరువట్టి గుండె ఆగుతది, అందుకే ఆలస్యం చెయ్యకుండ్రి. మీరు చెప్పిన ఆ సూది పేరు యాంటీ-డి, ఈ యాంటీబాడీలు తయారుకాకుండ ఆపేది; అది మొదటి కాన్పైన 72 గంటలల్ల పడాల్సింది, ఇప్పుడు ఏయించినా పనిచెయ్యదు. పుట్టినంక కామెర్లు గట్టిగ వస్తయి, కాన్పు మాత్రం పసిపిల్లల ఐసీయూ ఉన్న దవాఖానలనే చేయించుండ్రి.