నిచ్చెన పైచివర బొమ్మ వణుకుతోందని నిచ్చెనలే తీసెయ్యకండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: గోడాట్‌లో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) 2డి ప్లాట్‌ఫార్మర్, అంటే గెంతుతూ ఎక్కుతూ ముందుకెళ్లే గేమ్, చేస్తున్నారు. నిచ్చెన పైచివరికి రాగానే బొమ్మ వణుకుతోంది. పైన నిలబడి డౌన్ నొక్కితే దిగట్లేదు. విసుగొచ్చి, నిచ్చెనలన్నీ తీసేసి డబుల్ జంప్ (గాల్లో ఉండగానే ఇంకోసారి గెంతడం) పెట్టేద్దామా అంటున్నారు. వద్దండీ. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో మొబైల్ గేములకి గేమ్‌ప్లే కోడ్ రాస్తాను. నిండా నిచ్చెనలున్న పజిల్ ప్లాట్‌ఫార్మర్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదుగానే వెళ్లింది. అందులో తెలిసిందేమిటంటే, నిచ్చెన మధ్యలో ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాదు. గొడవంతా రెండు చివర్లలోనే.

ముందు వణుకు సంగతి. నిచ్చెనకి ఒక ఏరియా2డి (బొమ్మ లోపల ఉందా బయట ఉందా చెప్పే కనిపించని ప్రాంతం) పెట్టి, బొమ్మ అందులో ఉన్నంతసేపు గ్రావిటీ ఆపేస్తున్నారనుకుంటాను. చాలామంది అలాగే మొదలుపెడతారు. పైచివర బొమ్మ ఆ ఏరియా దాటి ఒకటి రెండు పిక్సెళ్లు బయటికొస్తుంది. వెంటనే గ్రావిటీ కిందికి లాగుతుంది. కిందికి రాగానే మళ్లీ ఏరియాలో పడుతుంది, ఆడేవాళ్ల వేలు ఇంకా అప్ మీదే ఉంది కాబట్టి మళ్లీ పైకి పోతుంది. గోడాట్ ఫిజిక్స్ మామూలుగా సెకనుకి 60 సార్లు నడుస్తుంది కదా, ఈ ఎక్కడం పడడం అంత వేగంగా జరిగేసరికి కంటికి వణుకులా కనిపిస్తుంది.

దీనికి మందు, ఎక్కడాన్ని విడిగా ఒక స్టేట్ (బొమ్మ ఇప్పుడు ఏం చేస్తోందన్న స్థితి) చెయ్యడం. నడక, గెంతు, పడిపోవడం ఎలా వేరువేరు స్టేట్లో ఇదీ అలాగే. ఏరియా బయటికి రావడం, ఈ స్టేట్ లోంచి బయటపడడం రెండూ ఒకటి అవ్వకూడదు. ఎక్కే స్టేట్ లోంచి బయటికి దారులు మీరే పేరుపెట్టి రాయాలి: పాదాలు పైఅంచు దాటాయి, కిందికొచ్చి నేల తగిలింది, జంప్ నొక్కారు, దెబ్బ తగిలింది. ఈ నాలుగూ తప్ప ఇంకే కారణంతోనూ గ్రావిటీ తిరిగి రాకూడదు. పైఅంచుకి పాదాలు మూడు నాలుగు పిక్సెళ్ల దూరంలోకి రాగానే మీరే పాదాలని సరిగ్గా అంచు మీద పెట్టి, నిలబడే స్టేట్‌కి మార్చెయ్యండి. ఆ అంచున వన్-వే కొలిజన్ ఉన్న (కింద నుంచి దాటనిచ్చి, పై నుంచి మాత్రం ఆపే) పలక ఒకటి ఉండాలి, లేకపోతే నిలబడడానికి ఏమీ ఉండదు.

డౌన్ నొక్కితే దిగకపోవడానికీ కారణం అక్కడే ఉంది. పైన నిలబడ్డ బొమ్మ నిచ్చెనని తాకట్లేదు, దాని మీద ఉన్న పలకని తాకుతోంది. కోడ్ నడుము దగ్గర చూసి "ఇక్కడ నిచ్చెన లేదు" అంటుంది. అందుకే నేను రెండు చోట్ల చూస్తాను. అప్ నొక్కినప్పుడు నడుము దగ్గర నిచ్చెన ఉందా, డౌన్ నొక్కినప్పుడు పాదాల కింద రెండు పిక్సెళ్ల లోతులో నిచ్చెన ఉందా. ఈ రెండో చూపు పెట్టారంటే మీ సమస్య సగం పోతుంది. మిగతా సగం ఆ వన్-వే పలక అడ్డం రావడం. నిచ్చెన తలపలకలని విడిగా ఒక కొలిజన్ లేయర్‌లో (ఢీకొనే వస్తువుల గుంపు) పెట్టి, ఎక్కే స్టేట్‌లో ఉన్నంతసేపు బొమ్మ మాస్క్‌లో (ఏ లేయర్లని ఢీకొనాలో చెప్పే జాబితా) ఆ లేయర్ ఆపేసి, బయటికి రాగానే మళ్లీ వెయ్యండి. బొమ్మని ఒక పిక్సెల్ కిందికి తోసే చిట్కా కూడా చాలాచోట్ల కనిపిస్తుంది, అది పలక మార్జిన్‌ని బట్టి ఒకసారి పనిచేసి ఒకసారి మొండికేస్తుంది. మాస్క్ పద్ధతే నమ్మకం.

ఇంకో చిన్న మెలిక. పొడవాటి నిచ్చెనని ముక్కముక్కలుగా పేర్చి, ప్రతి ముక్కకీ ఒక ఏరియా ఇచ్చి ఉంటే, కింది ముక్క లోంచి బయటికి రాగానే "బయటికొచ్చేశాడు" అనే సిగ్నల్ వస్తుంది, అప్పటికే పైముక్కలో ఉన్నా సరే. అవును-కాదు వేరియబుల్ పెడితే అది తప్పుడు జవాబు చెప్తుంది. ఎన్ని ముక్కల్లో ఉన్నాడో లెక్కపెట్టి, సున్నా అయితేనే బయట అనుకోండి. లేదా టైల్‌కే (లెవెల్‌ని కట్టే చిన్న చదరపు ముక్క) "ఇది నిచ్చెన" అని కస్టమ్ డేటా, అంటే మీ సొంత గుర్తు, ఇచ్చి, ఆ బిందువులో ఏ టైల్ ఉందో నేరుగా అడగండి. నేను రెండోదే వాడతాను.

మొబైల్‌లో అయితే బొటనవేలి సంగతి మర్చిపోవద్దు. మా గేమ్‌ని పిల్లల చేత ఆడించి పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఒక పాప నిచ్చెన ముందుకొచ్చి తెర మీది జాయ్‌స్టిక్‌ని పైకి తోసింది. తన దృష్టిలో అది నిట్టనిలువు. నిజానికి వేలు కాస్త కుడికి వాలి ఉంది. బొమ్మ నిచ్చెన పట్టుకోకుండా దాన్ని దాటి పోయి గోతిలో పడింది. పాప ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఇంకా గట్టిగా నొక్కింది. వేళ్లు ఎప్పుడూ నిట్టనిలువుగా కదలవు. అప్పట్నుంచి నా నియమం: నిచ్చెన ముందు ఉన్నప్పుడు నిలువు తోపు అడ్డం తోపు కన్నా కొంచెం ఎక్కువున్నా ఎక్కడమే. ఎక్కుతున్నప్పుడు అడ్డం తోపుని అసలు పట్టించుకోను. బొమ్మని నిచ్చెన మధ్యకి లాగడం కూడా ఒక్క ఫ్రేమ్‌లో చెయ్యకుండా నాలుగైదు ఫ్రేముల్లో చెయ్యండి, కంటికి నొప్పి ఉండదు.

కోడ్ ఇంతే. కానీ మీరు డబుల్ జంప్ మాట ఎత్తారు కాబట్టి అసలు విషయానికొస్తాను. నిచ్చెన మీద ఆడేవాళ్లు ఏం వదులుకుంటున్నారో తేల్చుకోకుండా నిచ్చెన పెడితే, అది నెమ్మదిగా కదిలే లిఫ్ట్ అవుతుంది. బోరు కొడుతుంది. పాత గేముల్లో ఈ లెక్క భలే స్పష్టంగా ఉండేది.

1981 నాటి డాంకీ కాంగ్‌లో నిచ్చెన మీద ఉంటే గెంతలేరు. సుత్తి చేతిలో ఉంటే నిచ్చెన ఎక్కలేరు. పై నుంచి గొరిల్లా దొర్లించే పీపాలు ఒక్కోసారి అదే నిచ్చెన మీంచి దిగుతాయి. సగం ఎక్కాక పై నుంచి పీపా వస్తే, కింద ఇంకోటి దొర్లుతుంటే, ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆ టెన్షన్ అంతా "ఇక్కడ గెంతడం కుదరదు" అన్న ఒక్క నియమం లోంచి వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన డాంకీ కాంగ్ జూనియర్‌లో నిచ్చెనల బదులు తీగలు. రెండు తీగలు పట్టుకుంటే పైకి వేగంగా పోతారు, ఒకటే పట్టుకుంటే కిందికి వేగంగా జారతారు. ఎక్కే వేగాన్నే ఒక ఆలోచనగా మార్చారు.

దెబ్బ తగిలితే ఏమవ్వాలన్నది ఇంకో మంచి ప్రశ్న. 1987 మెగా మ్యాన్‌లో నిచ్చెన మీదుండగా దెబ్బ తగిలితే పట్టు వదిలి పడిపోతారు. కాల్చొచ్చు గానీ కాల్చేటప్పుడు ఎక్కడం ఆగుతుంది. 1986 క్యాసిల్‌వేనియా మెట్ల మీద దీనికి తలకిందులు: గెంతలేరు, కానీ మామూలుగా వెనక్కి విసిరేసే దెబ్బ మెట్ల మీద మాత్రం విసరదు. ఒకచోట పైకెక్కడం ప్రమాదం, ఇంకోచోట అదే ఒకరకం రక్షణ. మీ గేమ్ ఏ వైపు అన్నది మీరే తేల్చుకోవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది లోడ్ రన్నర్. డగ్లస్ స్మిత్ చేశాడు, 1983లో బ్రోడర్‌బండ్ కంపెనీ విడుదల చేసింది, యాపిల్ 2 కంప్యూటర్ మీద 150 లెవెళ్లు. మన దగ్గర టీవీకి తగిలించుకునే వీడియో గేముల కాలంలో, బోలెడు గేములున్న క్యాసెట్లలో దాని ఫామికామ్ (నింటెండో వారి గేమ్ యంత్రం) రూపం ఉండేది. నేను దాన్ని అక్కడే చూశాను. అందులో గెంతు అనేదే లేదు. పైకి పోవాలంటే నిచ్చెన ఒక్కటే దారి. కాబట్టి తెర చూడగానే ఏ నిచ్చెన ఎక్కడికి పోతుందో ముందే లెక్కేసుకోవాలి. ఎంత ఎత్తు నుంచి పడినా ప్రాణం పోదు, కానీ పడ్డాక తిరిగి ఎక్కడానికి నిచ్చెన ఉందా లేదా అన్నదే భయం. బంగారమంతా ఏరాక, అప్పటిదాకా కనిపించని నిచ్చెన ఒకటి పైకప్పు దాకా ప్రత్యక్షమవుతుంది. తలుపు, జెండా, బాణం గుర్తు ఏవీ అక్కర్లేదు. పైకి పొమ్మని నిచ్చెనే చెప్తుంది. దాన్ని మించిన లెవెల్ ముగింపు నేను చూడలేదు.

ఇక డబుల్ జంప్. అది పెట్టిన మరుక్షణం మీ లెవెళ్లలో ప్రతి ఎత్తూ అందుబాటులోకి వస్తుంది, అన్నీ మళ్లీ గీసుకోవాలి. నిచ్చెనలు లేకుండా గొప్ప గేములు లేవా అంటే ఉన్నాయి. 2018 సెలెస్ట్‌లో గోడనే పట్టుకుని ఎక్కుతారు, పట్టు మీద ఓపిక కరిగిపోతుంటుంది. కానీ ఆ గేమ్ లెవెళ్లు మొత్తం ఆ ఓపిక చుట్టూ కట్టారు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ లెవెళ్లు గదులు, అంతస్తులు, తాళాలు. అలాంటి చోట నిచ్చెనే సరైన వస్తువు.

జంప్‌తో నిచ్చెన వదలనిస్తే, వదిలాక 0.2 సెకన్ల పాటు మళ్లీ పట్టుకోనివ్వకండి. అప్ నొక్కే ఉంచి గెంతేవాళ్లే ఎక్కువ, ఈ గడువు లేకపోతే గెంతిన చోటే అతుక్కుంటారు. ఎక్కే వేగం నడక వేగంలో మూడింట రెండొంతులు నాకు సరిపోయింది. ఎక్కే యానిమేషన్‌ని టైముతో కాకుండా దూరంతో నడపండి, ప్రతి 8 పిక్సెళ్లకీ బొమ్మని కుడి ఎడమలు తిప్పితే చాలు. ఆగితే తనంతట అదే ఆగుతుంది.

మార్చాక పరీక్షకి ఒక ఖాళీ లెవెల్ చేసుకోండి: రెండు టైళ్ల పొట్టి నిచ్చెన, పైకప్పుకి తగిలే నిచ్చెన, పక్కపక్కనే రెండు నిచ్చెనలు, కింద నేల లేకుండా గాల్లో ఆగిపోయే నిచ్చెన. ఈ నాలుగూ దాటితే మిగతావి దాటినట్టే. ఇంకా వణికితే, స్టేట్ పేరుని బొమ్మ తల మీద లేబుల్‌గా చూపిస్తూ చిన్న వీడియో తీసి ఇక్కడే పెట్టండి, ఏ దారి గుండా బయటపడుతోందో చూసి చెప్తాను.