సూర్యకాంతి తోస్తే అంతరిక్ష నౌక నిజంగా కదులుతుందా?

కదులుతుంది, ఇప్పటికే కదిలింది కూడా. కాంతికి ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం (మొమెంటమ్, అంటే తగిలినదాన్ని నెట్టగల గుణం) ఉంటుంది. నౌకకు కట్టిన, అద్దంలా మెరిసే పల్చటి తెరకు (దీన్నే సోలార్ సెయిల్ అంటారు) తగిలి వెనక్కి మళ్ళేటప్పుడు దాన్ని కాస్త నెడుతుంది. ఎంత కాస్తంటే, భూమి దగ్గర చదరపు మీటరుకు సుమారు 9 మైక్రోన్యూటన్ల బలమే! కానీ ఇంధనం ఖర్చు లేకుండా నెడుతూనే ఉంటుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ వేగం బాగా పెరుగుతుంది. (సోలార్ ప్యానెల్‌తో కలిపేయకండి, ఇక్కడ తోసేది కరెంటు కాదు.)

2010లో జపాన్ పంపిన ఇకారోస్ నౌక 7.5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం తెరతో శుక్రగ్రహం పక్కనుంచి సాగిపోయింది. 2019లో విరాళాల డబ్బుతో వెళ్ళిన లైట్‌సెయిల్ 2 కాంతితోనే తన కక్ష్యను మార్చుకుంది. 2024లో నాసా 80 చదరపు మీటర్ల తెర విప్పింది. అసలు తలనొప్పి ఆ విప్పడమే: చిన్న పెట్టెలో మడిచిన తెర చిరగకుండా, చిక్కుపడకుండా తెరుచుకోవాలి.